జీపు మరిగిందా? హెడ్డు విప్పకముందే ఇవి చూడండి

సంత రోజు. తెల్లారకముందే జీపులో కూరగాయల గంపలు సర్దారు, ఆపైన నలుగురు మనుషులు ఎక్కారు. ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి బానెట్ సందుల్లోంచి గుప్పుమని ఆవిరి. డ్రైవరు కంగారుగా దిగి రేడియేటర్ మూత తిప్పాడు. వేడి నీళ్లు ఎగజిమ్మి చెయ్యి బొబ్బలెక్కింది. ఇంకొకరు వాగులోంచి బిందెడు చన్నీళ్లు తెచ్చి ఇంజను మీద గుమ్మరించారు. లోపల 'టక్'మని చప్పుడు. షెడ్డుకు లాక్కెళితే మెకానిక్కు చూసి, "హెడ్డు చీలిందండీ, మార్చాల్సిందే" అన్నాడు. తీరా అంతా విప్పి చూస్తే, అసలు మొదలైన తప్పు ఫ్యాన్ బెల్టు వదులు కావడమే! పది నిమిషాల్లో సరిచేసుకోగలిగిన పనికి ఒక పంట రాబడి ఖర్చయింది.

ఇలాంటి సంగతి మీ ఊళ్లోనూ వినే ఉంటారు. పాత మిలటరీ జీపు మొండి బండి. గతుకుల్లో, బురదలో, గుట్టల మీద నడుస్తుంది. కానీ దాని ఇంజను చల్లబడే ఏర్పాటును పట్టించుకోకపోతే ఆ మొండితనం ఒక్క పూటలో తీరిపోతుంది. బండి మరగడం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. ఆ గుర్తు చూసి తేలిక కారణం నుంచి పెద్ద కారణం దాకా వరుసగా వెతికితే, చాలాసార్లు హెడ్డు జోలికి పోనక్కరలేదు. ఆ వరుస ఏమిటో చూద్దాం.

ఏ జీపు సంగతి ఇది?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఒకే నమూనాలో ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను, 60 గుర్రాల బలం. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిన బండ్లు కొన్ని డిస్పోజల్ వేలంలో జనం చేతికి వచ్చాయి. తర్వాత మహీంద్రా కంపెనీ విల్లీస్ నమూనాతోనే ఇక్కడ జీపులు తయారుచేసింది. మన సైన్యం వాడి తీసేసిన జీపులు, జోంగాలు కూడా వేలంలో ఊళ్లకు చేరాయి. వీటిలో చాలా బండ్లకు యజమానులు ఆ తర్వాత డీజిలు ఇంజను ఎక్కించుకున్నారు. ఇంజను ఏదైనా, నీళ్లతో చల్లబడేదైతే కింద చెప్పే మాటలు దాదాపు అన్నీ వర్తిస్తాయి.

వేడి ఎటు పోతుంది?

ఇంజనులో కాలిన ఇంధనం వేడి అంతా చక్రాలకు పనికిరాదు. రమారమి మూడో వంతు సైలెన్సరు గుండా పొగతో పోతుంది. ఇంకో మూడో వంతును నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్లో గాలికి వదిలేయాలి. సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీల్లో నీరు తిరిగి, వేడెక్కి, పై గొట్టం గుండా రేడియేటర్ పైట్యాంకులోకి వస్తుంది. అక్కడినుంచి సన్నటి గొట్టాల్లో కిందికి దిగుతూ చల్లబడుతుంది. కింది గొట్టం గుండా వాటర్ పంపు మళ్లీ ఇంజనులోకి తోస్తుంది. మిలటరీ జీపులో ఈ తిరుగుడుకు పట్టే నీరు పది లీటర్ల పైచిలుకే. అంటే రెండు లీటర్లు కారిపోయినా అయిదో వంతు తగ్గినట్టు.

ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా బండి మరుగుతుంది. నీళ్లు తక్కువైనా, నీళ్లు తిరగకపోయినా, గాలి తగలకపోయినా, ఇంజనే మామూలుకన్నా ఎక్కువ వేడి పుట్టించినా ఫలితం ఒకటే. కారణం ఈ నాలుగింటిలో ఏదో ఒకటై ఉంటుందని గుర్తు పెట్టుకోండి.

ఘాట్ రోడ్డు మీద ఎందుకు ఎక్కువ మరుగుతుందంటే, బండి మెల్లగా పోతుంది కనుక ఎదురుగాలి ఉండదు, ఇంజను మీద బరువు మాత్రం నిండుగా ఉంటుంది. పైగా ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలకు మరిగే నీరు, అరకు, పాడేరు లాంటి ఎత్తు ప్రాంతాల్లో 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

మరిగిన వెంటనే

* బండిని నీడలో పక్కకు ఆపండి. మనుషుల్ని దింపండి. చక్రం కింద రాయి పెట్టండి.
* ఆవిరి వస్తుంటే ఇంజను ఆపేయండి. బానెట్ పక్కనుంచి, మొహం దూరంగా పెట్టి ఎత్తండి.
* కనీసం అరగంట మూత ముట్టుకోవద్దు. పై గొట్టం మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లబడాలి.
* మూత మీద మందపాటి గోనెపట్టా వేసి, మొదటి గాడి దాకా మాత్రమే తిప్పి ఆగండి. బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే మూత తీయండి.
* వేడి ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించవద్దు. పోత ఇనుము ఒకవైపు ఒక్కసారిగా ముడుచుకుంటే పగులుతుంది. బాగా చల్లారాక, ఇంజను స్టార్టు చేసి, సన్నటి ధారగా పోయండి.

దారిలో తోడుకు పది లీటర్ల నీళ్ల డబ్బా, ఒక ఫ్యాన్ బెల్టు, రెండు హోస్ క్లిప్పులు బండిలోనే ఉండాలి. నీళ్లు నింపుకుని మెల్లగా ఇంటికి చేరండి. అంతేగాని, "ఇవాళ్టికి ఇలాగే కానిద్దాం" అని బరువు వేసుకుని మళ్లీ ఘాట్ ఎక్కవద్దు.

ఖర్చు లేని పరీక్షలు ముందు

ఒకటి, రేడియేటర్ ముఖం. సన్నటి రేకుల మధ్య ఊక, గడ్డిపోచలు, దుమ్ము, పురుగులు పేరుకుని ఉంటే గాలి ఎలా పోతుంది? ఇంజను వైపునుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగండి. ముందునుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. గట్టి ప్రెషరుతో కొడితే రేకులు వంగిపోతాయి. వంగినవాటిని సన్నటి పుల్లతో ఓపికగా నిలబెట్టండి. రేడియేటర్ ముందు అదనపు లైట్లు, దేవుడి పటాలు, నంబరు పలకలు బిగించి ఉంటే తీసి పక్కకు మార్చండి.

రెండు, ఫ్యాన్ బెల్టు. ఈ జీపులో ఫ్యానూ వాటర్ పంపూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. బెల్టు జారితే గాలీ నీరూ రెండూ ఒకేసారి తగ్గుతాయి. పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం నుంచి అంగుళం దాకా దిగాలి. అంతకంటే దిగితే వదులు, అసలు దిగకపోతే బేరింగులు పోతాయి. పక్కలు అద్దంలా మెరుస్తున్నా, పగుళ్లు కనిపించినా బెల్టు మార్చండి.

మూడు, మూత. రేడియేటర్ మూత ఊరికే కప్పు కాదు. అది లోపల కొద్దిపాటి ఒత్తిడి నిలబెడుతుంది. ఒక్కో పౌండు ఒత్తిడికి నీరు మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీలకు పైగా పెరుగుతుంది. మూతలో రబ్బరు చిరిగినా, స్ప్రింగు మెత్తబడినా ఆ లాభం పోతుంది. అలాగని కొత్త కార్లకు వాడే 13, 15 పౌండ్ల మూత తెచ్చి బిగించవద్దు. పాత జీపు రేడియేటర్ నాలుగైదు పౌండ్లకే కట్టింది. ఎక్కువ ఒత్తిడికి దాని అతుకులు విడిపోతాయి.

నాలుగు, రబ్బరు గొట్టాలు. పైకి బాగున్న గొట్టం లోపల పొరలుగా ఊడి నీటిదారికి అడ్డుపడవచ్చు. కింది గొట్టం మీద కన్నేసి ఇంజను రేసు చేయించండి. గొట్టం చప్పిడిగా అణిగిపోతే దాన్ని మార్చాలి. కొత్త దానిలో స్ప్రింగు ఉండేలా చూసుకోండి.

అయిదు, మీటరు. ఒక్కోసారి ఇంజను బాగానే ఉంటుంది, మీటరే అబద్ధం చెబుతుంది. పాత మీటర్లు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 180 అంటే మన లెక్కలో 82 డిగ్రీలు, 212 అంటే 100 డిగ్రీలు. 180 చూసి బెదిరిపోనక్కరలేదు. మీటరు బల్బును విప్పి, వేడినీళ్ల గిన్నెలో ముంచి, థర్మామీటరుతో సరిచూస్తే నిజం తెలుస్తుంది. ఆ సన్నటి రాగి తీగ గొట్టాన్ని మాత్రం మెలి తిప్పవద్దు. అది విరిగితే మీటరు మళ్లీ పనిచేయదు.

థర్మోస్టాట్ తీసి పారేయవద్దు

హెడ్డు మీద నీళ్లు బయటికొచ్చే మూతి దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది. అదే థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉన్నంతసేపు మూసుకుని, వేడెక్కాక తెరుచుకుంటుంది. బండి మరిగిందనగానే చాలామంది దీన్ని పీకి పారేస్తారు. "మన ఎండలకు ఇదెందుకండీ" అంటారు. వాల్వు లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగానే నడుస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. పైగా అసలు లోపం అలాగే దాగి ఉంటుంది.

పరీక్ష సులువు. వాల్వుకు దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీయండి, అడుగుకు తగలకూడదు. గిన్నె పొయ్యి మీద పెట్టి థర్మామీటరు ఉంచండి. వాల్వు మీద చెక్కిన అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. నీళ్లు మరిగినా తెరుచుకోకపోతే మార్చండి. ఈ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి.

గార పట్టిన ఇంజను

మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లటి పొర కడుతుంది కదా? అదే పొర ఇంజను లోపలా కడుతుంది. తుప్పు తోడై ఎర్రటి బురద అవుతుంది. ఇనుము గుండా వేడి పారినంత సులువుగా ఆ గార గుండా పారదు. నీళ్లు నిండుగా ఉన్నా, బెల్టు బిగువుగా ఉన్నా బండి మరుగుతోందంటే గారను అనుమానించండి.

చింతపండుతో ఇత్తడి బిందె తోమితే మెరుస్తుంది, పులుపు చిలుమును కరిగిస్తుంది గనుక. ఇక్కడా అదే కిటుకు. పాత నీళ్లు రేడియేటర్ కింది కుళాయి నుంచీ, ఇంజను బ్లాకుకు ఉన్న కుళాయి నుంచీ కూడా దింపండి. రెండోదాన్ని మరిచిపోతే బురదంతా లోపలే ఉండిపోతుంది. కుళాయి మూసుకుపోయి ఉంటే తీగతో పొడవండి. థర్మోస్టాట్ తాత్కాలికంగా తీసి, పది లీటర్ల నీళ్లలో అర కిలో నిమ్మ ఉప్పు కరిగించి పోయండి. ఇంజనును పదిహేను ఇరవై నిమిషాలు వేడిగా నడిపించి, ఆపి, చల్లారాక దింపేయండి. రాత్రంతా ఉంచవద్దు, ఇనుమును కూడా తింటుంది. తర్వాత పది లీటర్లకు వంద గ్రాముల చాకలి సోడా కలిపి పది నిమిషాలు నడిపి దింపండి. ఆపైన తేట నీరు వచ్చేదాకా కడగండి. ఇంజనులో అల్యూమినియం హెడ్డుగానీ, అల్యూమినియం పంపుగానీ ఉంటే చాకలి సోడా పనికిరాదు. బాత్రూములు కడిగే యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు.

ఒక్క మాట ముందే చెప్పాలి. బాగా పాతబడిన రేడియేటర్లో చిల్లులను మూసి ఉంచుతున్నది ఆ గారే కావచ్చు. కడిగాక కారడం మొదలైతే తప్పు కడగడానిది కాదు, చిల్లు ఎప్పుడో పడింది.

పసుపు వేస్తే చాలా?

రేడియేటర్ కారుతుంటే పసుపు, పిండి వేయడం డ్రైవర్ల పాత అలవాటు. అడవి దారిలో చిక్కుకుంటే ఇల్లు చేరడానికి పనికొస్తే రావచ్చు. కానీ చిల్లును మూసిన పసుపే మంచి గొట్టాలనూ మూస్తుంది. ఇల్లు చేరాక కడిగేసి, అతుకు వేయించండి.

పాత జీపు రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసింది కనుక అతుకు చక్కగా పడుతుంది. పైట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నటి రేకు పుల్లలు దూర్చి శుభ్రం చేసి, మళ్లీ తగరం, సీసం కలిపిన అతుకు వేస్తారు. పని చేయించేటప్పుడు దగ్గరుండి రెండు విషయాలు చూడండి. ఎన్ని గొట్టాలు మూసేస్తున్నారో లెక్క పెట్టండి. కారే గొట్టాన్ని అతుకుతో మూసేయడం తేలిక, కానీ మూసిన ప్రతి గొట్టానికీ చల్లబరిచే శక్తి తగ్గుతుంది. చాలా గొట్టాలు మూయాల్సి వస్తే కొత్త కోరు వేయించడమే మేలు. రెండోది, నీళ్ల తొట్టిలో ముంచి గాలి పరీక్ష. గాలి నాలుగైదు పౌండ్లకు మించకూడదు. టైర్లకు కొట్టే గాలి నేరుగా పెడితే రేడియేటర్ బుడగలా ఉబ్బి అతుకులు విడిపోతాయి. సీసం పొగ పిల్లలకు చెడ్డది. ఆ పని ఇంటి వసారాలో పెట్టుకోవద్దు.

పంపు, గ్యాస్కెట్

ఇంజను ఆపి, ఫ్యాన్ రెక్కలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. ఊగులాట ఉంటే పంపు బేరింగు పోయినట్టు. పంపు కింద ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. అందులోంచి నీరు చుక్కలుగా కారితే లోపలి సీలు పోయినట్టు. ఆ రంధ్రానికి ఎం-సీల్ పూసి మూసేవాళ్లున్నారు. అలా చేస్తే నీరు బేరింగులోకి పోతుంది. ఊగే ఫ్యాన్ ఏదో ఒకరోజు రేడియేటర్‌నే కోసేస్తుంది. పంపు బాగుచేయించండి, లేదా మార్చండి.

ఇంకా మరుగుతుంటే చివరిగా హెడ్ గ్యాస్కెట్. ఇంజను చల్లగా ఉండగా ఫ్యాన్ బెల్టు తీసి, రేడియేటర్‌ను మూతి దాకా నింపండి. స్టార్టు చేసి, నిమిషం కూడా దాటకుండా చూడండి. నీళ్లలో వరసగా బుడగలు వస్తుంటే సిలిండరు గాలి నీళ్లలోకి వస్తోందన్నమాట. ఆయిల్ పుల్ల మీద మజ్జిగలాంటి తెల్లటి నురగ కనిపించినా, వేడెక్కాక కూడా సైలెన్సరు నుంచి తెల్లటి ఆవిరి వస్తున్నా అదే అనుమానం. అప్పుడు హెడ్డు విప్పాల్సిందే. విప్పినప్పుడు హెడ్డు చదునుగా ఉందో లేదో ఇనుప బద్ద పెట్టి చూడమనండి. బోల్టులు మధ్యనుంచి చివరలకు, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో బిగించమనండి. బుడగలు లేవు, నురగ లేదు అంటే హెడ్డు ఎందుకు విప్పుతున్నారని అడిగే హక్కు మీకుంది.

ఇవేవీ కాకపోతే టైమింగు, కార్బురేటరు చూపించండి. నిప్పు ఆలస్యంగా పడినా, పెట్రోలు మరీ తక్కువ పడినా ఇంజను వేడెక్కుతుంది. చక్రాలను పట్టుకుపోయే బ్రేకులు కూడా ఇంజను మీద బరువు పెంచుతాయి.

ఏ నీళ్లు పోయాలి?

బోరు నీళ్లు వద్దు. వానాకాలంలో శుభ్రమైన కప్పు మీదినుంచి, మొదటి జల్లు పోనిచ్చి పట్టిన వాన నీళ్లు మంచివి. లేదా బ్యాటరీ నీళ్లు. అందులో కూలెంట్ కలిపితే తుప్పు పట్టదు. రాగి, ఇత్తడి రేడియేటర్లకు పనికొస్తుందా అని డబ్బా మీద చూసి కొనండి. సగానికి సగం మించి కలపవద్దు, వట్టి కూలెంట్ నీళ్లంత బాగా వేడిని మోయదు.

కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. దింపిన కూలెంట్‌ను పెరట్లో పారబోస్తే దూడలు, కుక్కలు నాకి చనిపోతాయి. తాగే నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో నిల్వ పెట్టవద్దు. పంట కాలువలో, బావి దగ్గర పోయవద్దు. మూత గట్టిగా పెట్టిన డబ్బాలో, పిల్లలకు అందకుండా ఉంచి, షెడ్డులో పాత ఆయిలు తీసుకునేవారికి అప్పగించండి.

జీపు లేనివారికి

మీ దగ్గర జీపు లేకపోవచ్చు. పాత ట్రాక్టరు ఉన్నా ఈ వరుసే. నూర్పిళ్ల కాలంలో మాత్రం రేడియేటర్ ముఖాన్ని రోజూ సాయంత్రం కడగాలి, ఒక్క పూట ఊకతోనే పూడిపోతుంది. ఆయిలింజనుతో నీళ్లు తోడేవారు ఇంకో సంగతి చూడాలి. పంపు నీళ్లను ఇంజను గుండా పారించి చల్లబరుస్తుంటే, ఆ నీరు మరీ ఎక్కువ పోనివ్వకండి. ఇంజను నుంచి బయటికొచ్చే నీటి కింద చెయ్యి ఎక్కువసేపు ఉంచలేనంత వేడి ఉండాలి. అవి చల్లగా వస్తున్నాయంటే డీజిలు వృథా, సిలిండరు అరుగుదల.

ఎద్దుకు నీళ్లు పెట్టకుండా నాగలి కట్టం. ఇంజనుకూ అంతే. రోజూ పొద్దున, చల్లగా ఉండగా, మూత తీసి నీళ్లు చూడడానికి పట్టేది నిమిషం. వారానికోసారి బెల్టు, గొట్టాలు, ఏడాదికోసారి కడుగుడు. ఇక ఎప్పుడైనా షెడ్డులో "హెడ్డు దించాలండీ" అన్నప్పుడు తొందరపడి తల ఊపకండి. "బుడగలు చూశావా అన్నా? బెల్టు చూశావా?" అని ఒక్కసారి అడగండి.